సందుగల పొద్దు

లింబాద్రి మాయమై రెండు రాత్రులు గడిచాయి.

అబుదాబి శివారు ముసఫ్ఫా, ఐకాడ్ పారిశ్రామికవాడలోని లేబర్ క్యాంపు. మంచం ఖాళీ. చెప్పులు మాత్రం మంచం కిందే ఉన్నాయి. సైట్ మేనేజర్ భార్గవ్ అప్పుడే ‘పారిపోయాడు’ అని రిపోర్ట్ రాయించాడు. ఆ కేసు పడితే లింబాద్రి దొరికినా ఊరికి పోలేడు.

కోరుట్ల నుంచి అతని భార్య సాయవ్వ ఫోన్ చేసింది వాసంతికి. వాసంతిదీ కోరుట్లే. అబుదాబిలో ఓ లాయర్ దగ్గర ఇన్వెస్టిగేటర్. పోలీస్ లెఫ్టినెంట్‌ని వెంటబెట్టుకుని వచ్చింది.

కిటికీ లేని ఆఫీసు క్యాబిన్. నలుగురికే ఊపిరాడడం లేదు.

“చివరిసారి ఎప్పుడు చూశావ్?” రూమ్మేట్ భూమేశ్‌ని అడిగింది.

“మొన్న పొద్దుమీకి, చీకటి పడంగ, మేడం. సారు పిలుస్తున్నడని పోయిండు. మళ్ల రాలే.”

“ఎందుకు పిలిచారు?”

భూమేశ్ భార్గవ్ వైపు చూశాడు.

“సెలవు అడగడానికి వచ్చాడు. ఇవ్వలేదు. వెళ్లిపోయాడు,” అన్నాడు భార్గవ్. అతనిది విజయవాడ. “తర్వాత నా ఫోన్‌కి వాయిస్ మెసేజ్ పెట్టాడు. కవి కదా, వీడ్కోలూ పాటే.”

“భూమేశ్, నువ్విన్నావా?”

“నాకు వినిపియ్యలే.”

“పెట్టండి,” వాసంతి భార్గవ్‌తో అంది.

*దూరమైతున్న, దేవులాడకుండ్రి*
*సందుగల పొద్దుగూకె*
*చెవి సారు జేబుల జిక్కె*

గొంతు వెనకాల ఇనుము ఖంగుమంటోంది.

“వెతకొద్దంటున్నాడు,” భార్గవ్ వివరించాడు. “ఏ షార్జా సందుల్లోనో పొద్దు గడుపుతున్నాడట. ఇన్నాళ్లూ నా మాటే విన్నాడట. అంతే.”

“సందుల కాదు, సందుగల. మా వైపు సందుగంటే పెట్టె.”

తెలుగు మాటల మధ్య ఆ ఒక్కటీ పట్టుకుని లెఫ్టినెంట్ తలెత్తాడు. “సందూక్? అది మా అరబీ మాట.”

“మీదే, సార్. ఉర్దూ మీదుగా మా ఇళ్లకొచ్చింది. చెవి మాత్రం అచ్చంగా మాదే. భూమేశ్, చెవి అంటే?”

“తాళం తీసేది, మేడం.” అతను తలుపు వైపు తిరిగాడు. “యార్డుల కంటైనర్లు ఉన్నయి.”

“పారిపోతున్నట్టు చెప్పమని ఆ ఇనుప డబ్బాలోనే అతన్ని ఫోన్ ముందు నిలబెట్టారు, భార్గవ్ గారూ. అతను పాడాడు. మీకు అర్థం కాని మాటల్లో పాడాడు. జేబులో ఉన్నవన్నీ టేబుల్ మీద పెట్టండి.”

భార్గవ్ కదల్లేదు. లెఫ్టినెంట్ లేచి నిలబడ్డాడు. అప్పుడు బయటపడింది, గుత్తిలో లేని కొత్త ఇత్తడి చెవి.

యార్డులో నడుస్తుంటే భూమేశ్ నోరు విప్పాడు. పోయిన వారం కూలి పర్శరాములు పరంజి మీంచి పడి చచ్చిపోయాడు. అతనే సేఫ్టీ బెల్టు పెట్టుకోలేదని అందర్నీ చెప్పమన్నాడు భార్గవ్. అసలు బెల్టులే ఇవ్వలేదు. ఆ సంగతి పోలీసులకు చెబుతానన్నవాడు లింబాద్రి ఒక్కడే.

చివరి వరసలో తాళం తెరుచుకుంది. వేడి మొహాన కొట్టింది. సిమెంటు సంచుల మధ్య లింబాద్రి ముడుచుకుని పడి ఉన్నాడు. పెదాలు పగిలి, కళ్లు సగం తెరిచి.

ఊపిరి ఉంది.

అంబులెన్స్ ఎక్కించాక నర్స్ తలుపు వేయబోయింది. సెలైన్ పెట్టిన చెయ్యి పైకి లేచింది.

“మూయకుండ్రి,” అన్నాడు.

వాసంతి ఎక్కి పక్కన కూర్చుంది. తలుపు రెక్కను చేత్తో ఆపి పట్టుకుంది.

“మూయకుంటే బండి కదలదు, అన్నా. నేను లోపల్నే ఉంట.”

అతను ఆమె మొహం చూశాడు. తలుపు వెయ్యమన్నట్టు చెయ్యి దించి, కళ్లు మూసుకున్నాడు.