కరీం సాబ్ అతికించిన తల

1978 ఆగస్టు. హైదరాబాద్ ఆఫీసులో చీఫ్ ఒక ఫైలు ముందుకు తోశాడు.

“ఆదోని వెళ్లు. విదేశీ ముఠా ఒకటి మన బడుల దేశపటాల్లో సరిహద్దు మారుస్తోంది. టార్గెట్ కరీం సాబ్. పటాలకు వెనక గుడ్డ అంటించే పనివాడు. మూడు వందల పటాలు రేపు పదకొండింటికి లారీలో బడులకు పోతాయి. ఆలోగా సరిచేయించు. అక్కడ మోనా నిన్ను కలుస్తుంది.”

ఏజెంట్ ఎక్స్-21కి కన్నవాళ్లు పెట్టిన పేరు ఉరుకుందప్ప. ఊరు కౌతాళం. ఫైలులో కరీం సాబ్ పేరు చదవగానే నేరం రుజువైపోయినట్టే తలూపాడు.

మర్నాడు పొద్దున పత్తి బ్రోకర్ వేషంలో ఆదోని మార్కెట్‌లో నిలబడ్డాడు. చేతికి ట్రాన్స్‌మిటర్ వాచీ, జేబులో లైటర్ ఆకారపు పిస్టల్. నల్ల కళ్లద్దాల సుందరి ఒకామె పక్కకొచ్చింది.

“పత్తి తడిసిందా?”

“ఎండకు వేశాం.”

కోడ్ కలిసింది. మోనా, డిపార్టుమెంటు కళ్లు మూసుకుని నమ్మే ఇన్‌ఫార్మర్, చుట్టిన పటం ఒకటి అందించింది. “ఇది ఒరిజినల్. దీంతో పోల్చి చూడండి.” ఆమె సెంటు వాసనకే మనవాడి బుర్ర సగం పనిచేయడం మానేసింది.

మోనా తన జీపులోనే అతణ్ణి కరీం సాబ్ ఇంటి ముందు దించి బయటే ఆగింది. లోపల ఇంటినిండా పటాలు ఆరుతున్నాయి. ప్రతిదానిపైనా ఉత్తరాన కొత్తగా అతికించిన కాగితం ముక్క. ఒరిజినల్‌లో అది లేదు. ఇంకేం కావాలి? వెంట వచ్చిన కానిస్టేబుల్ తిమ్మన్న ముసలాయనకు బేడీలు వేశాడు.

“సారూ, ఒక్క మాట ఇనండి...”

“స్టేషన్‌లో చెబుదువు గాని.” ఎక్స్-21 తన చేత్తోనే ఒక ముక్క పీకేశాడు. “మిగతావీ పీకెయ్ తిమ్మన్నా. పది యాభై అయింది.”

తిమ్మన్న చెయ్యి వేసేలోపే కరీం సాబ్ భార్య హజరా బీ లోపలి నుంచి పాత పటం తెచ్చి నేల మీద పరిచింది.

“ఎమ్మిగనూరు బడిది. కొత్త గుడ్డ వెయ్యమని ఇచ్చినారు. సర్కారు సీలు సూడప్పా. కాశ్మీరం ఉందా లేదా?”

ఉంది. పీకిన ముక్క సరిగ్గా అంతే ఉంది. మోనా ఇచ్చిన పటంలోనే దేశానికి తల లేదు.

“అచ్చులోనే అది లేకుండా వచ్చినాయి. మూడు నూర్లకూ మేమిద్దరం కూసోని గీసి అతికించినాం. మా ఆయన పై ఆఫీసుకు రెండు కార్డులు రాసినాడు. ఎవురూ పలకలేదు.”

ఆ కార్డులు ఎక్స్-21 ఫైలులోనే ఉన్నాయి, చేతిరాత నమూనాలుగా. అందరూ రాత చూశారు. రాసిందేమిటో ఒక్కరూ చదవలేదు, తనతో సహా.

బయట జీపు స్టార్టయింది. మోనా! లైటర్ రెండుసార్లు పేలింది. వెనక టైరు కూలబడింది. లారీ హారన్ వినబడేసరికి కరీం సాబ్ చేతుల బేడీలు మోనా చేతులకు మారాయి.

మోనా దొరికిందని వాచీలో చెప్పగానే “శభాష్!” అంది చీఫ్ గొంతు. “ఎలా కనిపెట్టావ్?”

ఎక్స్-21 స్విచ్ నొక్కి వాచీ ఆపేశాడు.

“యా ఊరప్పా నీది?” మణికట్టు రుద్దుకుంటూ అడిగాడు కరీం సాబ్.

“కౌతాళం.”

“ఆ బడి పటానికి గుడ్డ ఏసినోణ్ణి నేనే. దాన్ని సూసే సదివింటావు.” తిట్టి ఉంటే బాగుండేది. ముసలాయన మామూలుగానే అన్నాడు.

లారీ ఎక్కాల్సింది ఇంకొక్క పటమే, తను పీకింది. ఉరుకుందప్ప బంక గిన్నె ముందు చతికిలబడి, ముక్కకు బంక పూసి, పటం మీద గట్టిగా ఒత్తాడు.

హజరా బీ వంగి చూసింది.

“తలకిందులుగా అంటిచ్చినావప్పా.”