పట్టపగలు వెలిగిన రక్షాదీపం

మిట్టమధ్యాహ్నం నూకాలు ఇంటి గుమ్మం పైన నీలిదీపం వెలిగింది. వీధిలో చేపలు ఎండబెడుతున్న ఆడవాళ్ళు చేతులాపి తలలెత్తారు.

"దీని మొగుడు దానేసు ఒచ్చేడేటే?" అంది ఒకామె.

"సంద్రం నడిమి గాలిమరల కాడున్నోడు ఎలగొస్తాడు? ఇంకా నెల్లాళ్ళుంది" అని రెండో ఆమె మూతి తిప్పింది.

ఇరవై ఏళ్ళ కిందట ఒక సుఖరోగం ఆ తీరంలో ఊళ్ళకు ఊళ్ళను ఊడ్చేసింది. అప్పుడే ఆరోగ్య మండలి ఇంటింటికీ తొడుగుపెట్టెను ఇచ్చింది. సరిపడే కండోమ్‌ను అదే ఎంచి, తేదీ చూసి, ఒంటివేడికి తెచ్చి చేతికందిస్తుంది. పొట్లం చింపగానే గుమ్మం మీద రక్షాదీపం వెలుగుతుంది. ఇది సిగ్గుపడే పని కాదు, గొప్పగా చెప్పుకునే పని అని జనానికి నేర్పడానికే ఆ దీపం. రోగం పోయింది. కొత్త కోడలి గుమ్మం వెలగకపోతే అత్తలు దిగులుపడే రోజులు వచ్చాయి.

నూకాలు మాత్రం తన దీపం వెలగడం ఎన్నడూ చూడలేదు. అది వెలిగిన ప్రతిసారీ ఆమె లోపలే ఉంది.

ఇప్పుడూ లోపలే ఉంది, ఆడపడుచు మంగతో. ఇరవై రెండేళ్ళ మంగకు పదిరోజుల్లో పెళ్ళి. వెళ్ళేది కొండమీది ఊరికి. అక్కడ పెట్టెలు లేవు, పాతకాలపు పొట్లాలే. వాటిని వాడే తీరు ఈ తీరంలో ఎవరికీ గుర్తులేదు. నూకాలుకు వాళ్ళ అమ్మమ్మ చెప్పింది.

"పళ్ళతో సింపకు. కొన నొక్కిపట్టి గాలి తీసెయ్యి. అప్పుడు కిందికి దించు" అంటూ తన పెట్టెలోంచి తీసిన పొట్లం చింపి, విరిగిన తెడ్డు పిడి మీద చూపించింది.

"కొబ్బరినూనె రాస్తే హాయిగుంటాదంట గదా వదినా?"

"రాసేవనుకో, సిరిగిపోద్ది, తాగుబోతు మాటలాగ అదీ నిలబడదు. నీళ్ళ జెల్లు అడుగు. బిగుతైతే పెద్దది తెమ్మను. నోరుండాలే పిల్లా!"

"తెడ్డుకే ఇంత మర్యాదేటి!" అని మంగ పకపకా నవ్వింది.

తలుపు దబదబా మోగింది. మంగ ఆ తొడుగును లాగి పమిటలో దాచుకుంది. అత్త పోలమ్మ దూసుకొచ్చి మంచం కింద, పెరట్లో వెతికింది.

"ఎవుడే ఆడు? ఎటు పోయేడు?"

"ఎవుడేటత్తా?"

"బయటికొచ్చి నీ గుమ్మం సూసుకో!"

నూకాలు చూసింది. వీధి వీధంతా అక్కడే నిలబడి ఉంది. ఒక్క మాట చెబితే చాలు. కానీ పెళ్ళికి ముందే ఇవన్నీ నేర్చిన పిల్లను కొండమీదివాళ్ళు చేసుకోరు. ఆ మాట తన నోట రాకూడదు, మంగే చెప్పాలి.

"నువ్విక్కడే ఉన్నావు గదే, సెప్పు" అని పోలమ్మ కూతుర్ని గద్దించింది.

మంగ పమిటను గుప్పిట్లో బిగించింది. "నేనిప్పుడే ఒచ్చేనమ్మా. నాకేటీ తెల్దు."

ఇంతలో దానేసు ఫోను చేశాడు. మంగ కూడా ఇంట్లోనే ఉందని కొడుక్కి చెప్పి, పోలమ్మ ఫోనును కోడలి చేతిలో పెట్టింది.

"మండలి నాకు అభినందనలు పంపింది" అన్నాడతను. "మన ఇల్లు ఈయేళ సురక్షితమంట."

"దీపం తప్పు సెప్తంది. నీతో ఒక్కదాన్నే మాటాడాల."

"మంగేటన్నాది?"

నూకాలు మంగ వైపు చూసింది. మంగ నేల చూపులు చూస్తోంది.

"ఫోను అమ్మకియ్యి" అన్నాడు దానేసు.