ఉమ అరచేతులు

చిలుకూరు దాటాక వచ్చే రాళ్లగుట్ట కింద శవం పడి ఉంది. తల పగిలింది. నడుముకు గుట్టలెక్కేవాళ్లు కట్టుకునే బెల్టు ఉంది. దానికి తాడు మాత్రం లేదు.

చనిపోయినవాడు క్రాంతి. గరిడేపల్లిలో గొర్లు కాసే ఐలయ్య కొడుకు. కోదాడలో బ్యాంకు ఉద్యోగం. ఆదివారమొస్తే గుట్టలెక్కడం సరదా. ఈ ఉదయం వెంట ఉన్నది ఒక్కతే. మిర్యాలగూడలో ఓ స్కూలు పీఈటీ, ఉమ.

"ఈమెనే సంపింది సారూ!" ఐలయ్య గొంతు చించుకున్నాడు. "కిందుండి తాడు పట్టేది ఈమెనే!"

ఎస్సై నర్సింహ ఆమె వైపు తిరిగాడు.

"ఏం జరిగింది?"

"తప్పు నాదే సార్. కాలు జారి పడ్డడు. తాడు ఆపబోయిన. చేతుల్లకెళ్లి జారిపోయింది."

"మరి నడుముకు తాడు లేదేం?"

"ఊపిరాడుతదేమో అని నేనే విప్పిన."

"గ్లోవ్స్ ఉన్నయా?"

"లేవు సార్."

నిర్లక్ష్యం వల్ల మరణం. 304-ఏ. నిందితురాలే ఒప్పుకుంది. ఇంకేం కావాలి?

కానిస్టేబుల్ టీ తెచ్చాడు. నవంబర్ చలి. ఉమ సెగలు కక్కుతున్న స్టీలు గ్లాసును రెండు అరచేతుల మధ్య గట్టిగా పట్టుకుంది.

నర్సింహ చూపు అక్కడే ఆగిపోయింది.

సాయంత్రం కోదాడ స్టేషన్‌లో ఇద్దరినీ కూర్చోబెట్టాడు.

"చేతులు సూపియ్ ఉమా."

చాపింది. గీత కూడా లేదు.

"అంత మనిషి పడుతుంటే ఉత్త చేతుల్లకెళ్లి తాడు జారితే తోలు ఊడిపోతది. నీకు ఎర్రగ కూడా కాలే. అంటే పడేటప్పుడు ఆయనకు తాడే లేదు. ఎందుకు అబద్ధమాడుతున్నవ్?"

ఉమ చేతులు వెనక్కి తీసుకుంది.

"సగం ఎక్కినంక తనే విప్పి కిందికి ఇడిచిండు సార్. తాడు లేకుండ పోత అన్నడు. వద్దని మొత్తుకున్న. పడితే నాదే బాధ్యత, నిన్నెందుకంటరు అని నవ్విండు. నిజం చెప్తే కావాలనే సచ్చిండంటరు. ఐలయ్య కాక ఆ మాట తట్టుకోలేడని..."

ఐలయ్య గోడకు జారగిలబడ్డాడు.

"కావాలని సావలే పెద్దయ్యా," నర్సింహ మెల్లగా అన్నాడు. "పడితే ఏమైతదో తెలిసే ఎక్కిండు. ఆ నిర్ణయం ఆయనది. ఈమెది కాదు."

ఐలయ్య ఉమ వైపు తలెత్తాడు.

"పైదాకా ఎక్కిండా బిడ్డా?"

"ఎక్కిండు కాకా. పైన నిలబడి నన్ను కేకేసిండు. దిగేటప్పుడు జారిండు."

ఐలయ్య కళ్లు ఒత్తుకున్నాడు.

"ఈ పిల్ల పేరు కొట్టెయ్యి సారూ. పొద్దుగాల నేను గూడ పోవద్దన్న. నా మాటనే ఇనలే."