ఎక్కువ పడ్డ రెండువేల దెబ్బలు

గురువారం ఉదయం తొమ్మిదిన్నరకు డిటెక్టివ్ గదికి ఒక ఫిజియోథెరపిస్టు వచ్చింది. నలభై అయిదేళ్ళుంటాయి. కుర్చీ చూపించినా కూర్చోలేదు. చేతిసంచీని గుండెకు అదుముకుని గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

"మీరు తప్పిపోయిన మనుషుల్ని వెతికిపెడతారట. నాకు తప్పిపోయింది మనిషి కాదండీ. రెండువేల దెబ్బలు. అవి ఎవరి మీద పడ్డాయో కనుక్కోవాలి," అంది.

డిటెక్టివ్‌ను ఊళ్ళో అందరూ కళ్ళజోడు అనే పిలుస్తారు. ఎదుటివాడి మాటలో ఎక్కడో అతుకు కనబడితే అతను కళ్ళజోడు తీసి తుడుచుకుంటాడు. ఆ సంగతి తెలిసినవాళ్ళు అతని ముందు తక్కువ మాట్లాడతారు. అతని సహాయకురాలిని స్టెనో అంటారు. ఆమె కోర్టులో ఇరవై ఏళ్ళు జనం అబద్ధాలన్నీ పొల్లుపోకుండా రాసి, విసిగి మానేసింది. రాసింది పనికొచ్చేది ఈ గదిలోనేనని ఆమె నమ్మకం.

"దెబ్బలంటే కొట్టడమేనా?" అని అడిగింది స్టెనో.

ఫిజియోథెరపిస్టు అప్పుడు కూర్చుంది. తన దగ్గర షాక్‌వేవ్ యంత్రం ఉందని చెప్పింది. దాని పిడిలో చిన్న ఇనుప గుండు గాలి ఒత్తిడికి ముందుకు దూసుకొచ్చి మూతను కొడుతుంది. ఆ అదురు చర్మం దాటి లోపలికి వెళుతుంది. నెలల తరబడి మానని నొప్పి ఉన్నచోట శరీరం మరమ్మతు చేసుకోవడం మానేసి ఊరుకుంటుంది. ఈ అదురు దాన్ని మళ్ళీ పనిలోకి దించుతుంది. ఒక్కో అదురునూ వాళ్ళు దెబ్బ అంటారు. ఒకసారికి రెండువేల దెబ్బలు, మూడు నాలుగు నిమిషాల పని. యంత్రానికి దెబ్బలు లెక్కపెట్టే మీటరుంది. ప్రతి రోగికీ ముందూ వెనకా మీటరు చూసి రిజిస్టరులో రాయడం ఆమె అలవాటు.

రోగి పేరున్న దర్జీ. కోట్లు కుట్టడంలో ఆయన్ను మించినవాడు లేడు, అందుకే కోటు మేస్త్రీ అంటారు. కత్తెర ఆడించీ ఆడించీ కుడి మోచేతి దగ్గర కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే పట్టీ దెబ్బతింది. ఎనిమిది నెలల నొప్పి మూడు వారాల్లో మూడుసార్ల వైద్యంతో సగానికి తగ్గింది. నాలుగోసారి ఈ సోమవారం చేసింది. మంగళవారం తెల్లారేసరికి మోచేతి నుంచి మణికట్టు దాకా చెయ్యి నల్లబడి ఉబ్బింది. అదే ఉదయం మేస్త్రీ బావమరిది క్లినిక్కు వచ్చి రిజిస్టరు, మీటరు పక్కపక్కన పెట్టి ఫొటో తీశాడు. రిజిస్టరులో చివరి అంకె మూడు లక్షల పన్నెండు వేలు. మీటరులో మూడు లక్షల పద్నాలుగు వేలు. రెట్టింపు కొట్టి బావ చెయ్యి పాడుచేసిందని పైవాళ్ళకు ఫిర్యాదు పెట్టాడు.

"లైసెన్సు పోతుంది. పోనివ్వండి. ఆ వాపు లోపలి నరాల్ని నొక్కేస్తోందట. ఈరోజు నాలుగింటికి చెయ్యి కోసి వదులు చేస్తారు. ఆ చెయ్యి పోతే ఆయనకు ఇంకేం మిగలదు. నేనే మీట వదలకుండా పరాకుగా ఉండి, మీటరు చూడకుండానే అలవాటుగా అంకె వేశానేమోనని మూడు రోజులుగా నన్ను నేనే అడుగుతున్నాను," అంది ఆమె.

ఈ వైద్యం ఎవరికి చెయ్యకూడదని కళ్ళజోడు అడిగాడు. కడుపుతో ఉన్నవాళ్ళకు, ఈమధ్యే ఆ చోట ఇంజెక్షను వేయించుకున్నవాళ్ళకు, రక్తం పలచబడే మందు వాడేవాళ్ళకు చెయ్యనని ఆమె చెప్పింది. ఫైలు తీసి చూపించింది. నాలుగు తేదీలు, నాలుగుసార్లూ ఒకటే ప్రశ్న: ఏవైనా మందులు వేసుకుంటున్నారా? నాలుగుసార్లూ ఒకటే జవాబు: లేదు. అడిగినప్పుడల్లా మేస్త్రీ భార్య పక్కనే ఉంది.

క్లినిక్కు చిన్నది, శుభ్రమైనది. మంగళవారం ఫొటో తీసిన తరువాత యంత్రాన్ని ఎవరూ ముట్టలేదు. తెర మీద చివరిసారి పెట్టిన ఒత్తిడి అలాగే ఉంది: రెండు పాయింట్ ఆరు. రిజిస్టరులో మేస్త్రీ మోచేతికి రాసింది ఒకటి పాయింట్ ఎనిమిది.

"రెండు పాయింట్ ఆరు దేనికి పెడతారు?"

"మడమకండీ. అక్కడ చర్మం మందం. కానీ సోమవారం మడమ కేసు రాలేదు. ఆ రోజు మాకు ఒంటిపూటే. మేస్త్రీయే చివరివాడు."

తరువాత గదిలోకి ఎవరు వస్తారంటే, తుడిచే ఆయమ్మ తప్ప ఎవరూ రారంది. అంతలో ఆయమ్మే బకెట్టు పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. యంత్రం జోలికి తానెప్పుడూ పోనని, దాన్ని చూస్తేనే భయమని, అడగకముందే చెప్పింది. తలుపు వెనక చీపురు పక్కన పాత చెప్పుల జత ఉంది. రెండింటికీ మడమ ఆనేచోట రూపాయి బిళ్ళంత రంధ్రం కత్తిరించి ఉంది. ఆయమ్మ కాళ్ళకు కొత్త చెప్పులున్నాయి. కళ్ళజోడు అద్దాలు తుడుచుకున్నాడు. 

అక్కడి నుంచి మేస్త్రీ దుకాణానికి వెళ్ళారు. బావమరిది అక్కడ బట్ట కత్తిరిస్తున్నాడు.

"ఆవిడ నోటితోనే ఒప్పుకుందండీ, రెండువేల దెబ్బలు కొట్టానని. మనం ఎవడినైనా రెండు కొడితేనే స్టేషనుకు లాక్కెళ్తారు. ఈవిడ అన్నేసి కొట్టి పైగా రిజిస్టరులో రాసుకుంది," అన్నాడు.

స్టెనో నవ్వు ఆపుకుంటూ రాసుకుంది. కళ్ళజోడు సగం కుట్టిన కోటు దగ్గర ఆగాడు. పక్కన గుండీల డబ్బా మూతలో తెల్లదారం ఉండలు ఎండిపోయి ఉన్నాయి. అన్నిటికీ లేత ఎరుపు అంటింది. అవేమిటని అడిగితే బావమరిది చెప్పాడు: సూది గుచ్చుకుని బట్ట మీద రక్తం పడితే, కుట్టేవాడు దారం నోట్లో నమిలి, తన ఉమ్మితోనే ఆ మరకను తీసేస్తాడు. తన రక్తం తన ఉమ్మికే పోతుంది. బావ ఏడాదికి రెండుసార్లు అలా తీస్తే ఎక్కువ.

కళ్ళజోడు లెక్కపెట్టాడు. తొమ్మిది ఉండలు.

"ఈ కోటు మొదలుపెట్టి ఎన్నాళ్ళయింది?"

"వారం. గుచ్చుకోవడం మామూలేనండీ, ఎప్పుడూ వేలు అదిమితే ఆగిపోయేది. ఈ వారం ఆగి చావలేదు. వయసు మీద పడింది మరి."

ఆసుపత్రికి చేరేసరికి పన్నెండు దాటింది. మేస్త్రీ కుడిచెయ్యి దిండ్ల మీద ఎత్తి పెట్టి ఉంది. వేళ్ళు కదులుతున్నాయి గాని మొద్దుబారాయన్నాడు. ఎడమ జబ్బ చుట్టూ కూడా నల్లటి పట్టీలా ఒక కమిలిన మచ్చ ఉంది. అదేమిటని స్టెనో అడిగితే, బీపీ చూసే పట్టీ బిగించినచోట అని నర్సు చెప్పి వెళ్ళిపోయింది.

మేస్త్రీకి మాట్లాడే ఓపిక ఉంది. మందులంటే మాత్రం మండిపడ్డాడు. పది రోజుల కిందట గుండె దడదడలాడిందని భార్య గుండె డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. ఆయన ఏదో మాత్ర రాశాడు. "మా నాన్న మాత్రలు మింగీ మింగీ పోయాడు. నేను మింగనని ఆయన మొహం మీదే చెప్పి వచ్చాను," అన్నాడు.

కళ్ళజోడు భార్య వైపు తిరిగాడు. "అమ్మా, ఆయన ఒంట్లోకి మందేమైనా వెళుతోందా?"

"ఆయన ఏ మందూ వేసుకోరండీ," అంది ఆమె, నేల చూస్తూ.

కళ్ళజోడు అద్దాలు తీశాడు.

మంచం పక్క బల్ల మీద రెండు ఫ్లాస్కులున్నాయి, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. నీలం దాని పక్కన గ్లాసులో టీ పోసి ఉంది. పొద్దుటి నుంచి ఏమీ తాగని స్టెనో దాని మీద చెయ్యి వేసింది. మేస్త్రీ భార్య చటుక్కున లాక్కుంది. "అది ఆయనదమ్మా. నీకు ఎర్రదాంట్లోది పోస్తాను."

"అదే తాగనీ," అన్నాడు మేస్త్రీ. "వారం నుంచి ఎంత పంచదార వేసినా నా టీ చేదే."

కళ్ళజోడు ఆమె చేతిలోంచి గ్లాసు తీసుకున్నాడు. ఈ పూట మేస్త్రీ టీ తాగలేదు కదా అని అడిగి, లేదని తెలిశాక, గ్లాసుతో సహా గదిలోంచి బయటికి నడిచాడు. ముందు సర్జన్ దగ్గరికి వెళ్ళి ఆపరేషన్ ఆపించాడు. ఫిజియోథెరపిస్టుకు, బావమరిదికి, ఆయమ్మకు కబురు పెట్టించింది ఆ తరువాతే.

రెండున్నరకు అందరూ మేస్త్రీ మంచం చుట్టూ ఉన్నారు. సర్జన్ గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. కళ్ళజోడు ఆయమ్మతో మొదలుపెట్టాడు.

"మడమ నొప్పి ఎన్నాళ్ళు?"

ఆమె అబద్ధానికి నోరు తెరిచి, అతను కళ్ళజోడు తీయడం చూసి మూసుకుంది. "ఏడాదిన్నర," అంది.

"చెప్పులకు రంధ్రాలు కత్తిరించుకుని నడిచినదానివి, ఇవాళ బకెట్టుతో మెట్లెక్కావు. సోమవారం అందరూ వెళ్ళాక యంత్రం మడమకు పెట్టుకున్నావు. తెర మీద మడమ ఒత్తిడి అలాగే వదిలేశావు."

"అమ్మగారు రోజూ రెండువేలని అంటుంటే వినేదాన్ని బాబూ. నేనూ లెక్కగా రెండువేలే కొట్టుకున్నా. ఒక్కటి ఎక్కువ కాదు."

ఫిజియోథెరపిస్టు గోడకు ఆనుకుంది.  తనను అడగొచ్చు కదా అని మాత్రం అంది. అడిగితే కాదంటారనుకున్నానంది ఆయమ్మ.

"మంగళవారమే నువ్వు నోరు విప్పితే ఈవిడ మూడు రోజులు నిద్రపోయేది," అన్నాడు కళ్ళజోడు. "నీ భయం నీకు పెద్దదే. దాని బరువు ఇంకొకరు మోశారు."

తరువాత మేస్త్రీ సంగతికి వచ్చాడు. ఆయన చేతికి పడింది రెండువేలే. మొదటి మూడుసార్లూ ఆ రెండువేలే మేలు చేశాయి. మధ్యలో మారిందేమిటి? వారంగా సూది గుచ్చుకున్నచోట రక్తం ఆగడం లేదు. తొమ్మిది దారం ఉండలు అందుకు సాక్ష్యం. యంత్రం తాకని ఎడమ జబ్బ కూడా బీపీ పట్టీకే కమిలింది. కాబట్టి లోపం దెబ్బల్లో లేదు, రక్తంలో ఉంది. రక్తం పలచబడే మందు ఆయన ఒంట్లోకి వెళుతోంది.

"నేను వేసుకోలేదని చెప్పానుగా," అన్నాడు మేస్త్రీ.

"మీరు నిజమే చెప్పారు. మీ ఆవిడ కూడా నిజమే చెప్పింది. ఆయన ఏ మందూ వేసుకోరంది. నేను అడిగింది ఒంట్లోకి వెళుతోందా అని. ఫైలులో ప్రశ్న వేసుకుంటున్నారా అని ఉంది. ఆ ఒక్క మాట చాటున ఆమె నిలబడింది. వేసుకునేది మీరు కాదు, వేసేది ఆమె. నీలం ఫ్లాస్కులో."

 మేస్త్రీ భార్య ఫ్లాస్కుల సంచీ అడుగు నుంచి మాత్రల అట్ట తీసి సర్జన్ చేతిలో పెట్టింది. సర్జన్ పేరు చదివాడు. గుండె దడ వల్ల రక్తం గడ్డకట్టకుండా రాసే కొత్త రకం మాత్ర అది, ఒక్కోసారి మామూలు రక్తపరీక్షలో పట్టుబడదు. నాలుగింటికి కత్తి పెట్టి ఉంటే రక్తం ఆపడం తన తరమయ్యేది కాదని చెప్పాడు.

"నాలుగోసారి ఆవిడ ఆ ప్రశ్న అడిగినప్పుడు మీరు పక్కనే ఉన్నారు," అన్నాడు కళ్ళజోడు. "చెయ్యి నల్లబడ్డాక కూడా ఊరుకున్నారు. తప్పు ఆవిడ మీద పడుతుంటే చూస్తూ ఊరుకున్నారు. ఇవాళ కూడా టీ పోశారు."

"చెబితే ఆయన టీ కూడా మానేస్తారండీ," అంది ఆమె. "ఇంక దేంట్లో కలపను? ఆ రాత్రి ఆయన గుండె నా చేతి కింద ఎలా కొట్టుకుందో నాకే తెలుసు. మాత్ర వల్లే చెయ్యి నల్లబడిందని మాత్రం నాకు తెలీదు, మీ మీద ఒట్టు."

కళ్ళజోడు నీలం ఫ్లాస్కు మూత బిగించాడు. అతని ఇంట్లో టీ కలిపే మనిషి పోయి ఆరేళ్ళయింది. "తెలియకపోవచ్చు," అన్నాడు. "అడిగినవాళ్ళకు చెప్పాలన్నది తెలుసు."

బావమరిది ఫోను తీసి, ఫొటో తుడిచేసి, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానని ఫిజియోథెరపిస్టుతో చెప్పాడు. ఆమె అతన్ని వదిలేసి ఆయమ్మ వైపు తిరిగి, సోమవారం మధ్యాహ్నం రమ్మని, ఈసారి పిడి తానే పట్టుకుంటానని చెప్పింది.

సర్జన్ మాత్ర ఆపించి, విరుగుడు మొదలుపెట్టించి, గంట గంటకూ చెయ్యి కొలిపించాడు. అయిదున్నరకు వాపు దిగడం మొదలైంది. స్పర్శ చూద్దామని సూదితో బొటనవేలి కొస మీద తాకాడు.

"తగిలింది," అన్నాడు మేస్త్రీ. "మరీ మోటు సూది. దాంతో గోనెసంచులు కుట్టుకోండి."

స్టెనో పకపకా నవ్వేసింది. ఫిజియోథెరపిస్టు ఏడుస్తూ నవ్వింది. కత్తి అవసరం లేదని సర్జన్ చెప్పాడు. ఆ మాత్ర గుండెకు కావలసిందేనని, చెయ్యి మానాక గుండె డాక్టరునడిగి మళ్ళీ మొదలుపెట్టాలని, ఈ మోచేతికి ఇక ఆ దెబ్బలు వద్దని కూడా చెప్పాడు.

 భార్య మంచం కాళ్ళవైపు నిలబడి ఉంది. మధ్యాహ్నం నుంచి మేస్త్రీ ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. చివరికి ఎడమ అరచెయ్యి చాచి ఆమెకు చూపించాడు.

"మొదలుపెట్టమన్న రోజున ఇందులో పెట్టు," అన్నాడు. "నేనే మింగుతాను. టీని మాత్రం టీలాగే ఉండనీ."