మానిందా, మానలేదా?

"మీ నూట పదిహేడో పేషెంట్ కడుపులో పుండు మానిందా, మానలేదా? ముందు అది తేల్చండి డాక్టర్ గారూ!"

ఎండోస్కోపీ గది తలుపు తోసుకుని వచ్చిన మనిషిని డాక్టరు ఎగాదిగా చూసింది. నలిగిన చొక్కా, చంకలో కాగితాల కట్ట. పరిశోధన ఫలితాలు లెక్కగట్టడానికి వారం క్రితమే చేరాడు. అప్పుడే అందరూ లెక్కల మాస్టారని పిలవడం మొదలెట్టారు.

"తలుపు తట్టే అలవాటు లేదా మీకు?"

"మూడుసార్లు తట్టాను, మీరే వినలేదు. ఇదిగో, నాలుగో వారం మానిందని రాశారు. ఎనిమిదో వారం పుండు ఉందని రాశారు. మధ్యలో ఏం జరిగింది?"

"కొత్త పుండు పుట్టి ఉండొచ్చు. అది కడుపండీ, మీ ఎక్కాల పుస్తకం కాదు."

"ఇలాగే ఆరుగురికా? ఒకే నెలలోనా?"

డాక్టరుకు ఒళ్ళు మండింది. "నా కళ్ళనే అనుమానిస్తున్నారా?"

అతను ఆ కళ్ళలోకి చూశాడు. చెప్పబోయిన మాట మర్చిపోయినట్టు నిలబడిపోయాడు.

"కళ్ళకేం... బాగానే ఉన్నాయి," అని గొణిగి, కాగితాలు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. నర్సు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆ పరిశోధన కోసం డాక్టరు రెండేళ్ళుగా ప్రాణం పెట్టి పనిచేస్తోంది. కడుపులో యాసిడ్‌ను తగ్గించే కొత్త మాత్ర అది. పుండు ఉన్న రెండు వందల నలభై మందిలో సగం మందికి కొత్తది, సగం మందికి పాతది ఇచ్చారు. ఎవరికి ఏది వెళ్ళిందో పేషెంటుకూ తెలియదు, డాక్టరుకూ తెలియదు. ఆ జాబితా వేరే ఊళ్ళో, వేరేవాళ్ళ దగ్గర భద్రంగా ఉంది.

ఆమె ఈ పనిలోకి రావడానికి కారణం వాళ్ళ నాన్న. ఆయన బస్సు డ్రైవరు. ఛాతీలో మంటను మాత్రలు చప్పరించి ఏళ్ళ తరబడి అణచుకున్నాడు. ఒకరోజు స్టీరింగు ముందే నెత్తురు కక్కుకున్నాడు. బస్సును పక్కకు తీసి ఆపిన తర్వాతే స్పృహ తప్పాడు. ప్రయాణికుల్లో ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. ఆయన కడుపులో మాత్రం సగం తీసేయాల్సి వచ్చింది. అప్పుడామె పదో తరగతి.

అందుకే అంత కోపం వచ్చింది. కోపం చల్లారాక ఆ ఆరుగురి ఫొటోలు తీసి చూసింది. ఆ నెలలో కడుపులోకి దించే మంచి కెమెరా రిపేరుకు వెళితే పాతదాంతో నెట్టుకొచ్చారు. ఫొటోలన్నీ మసక. ఆ మసకలోనే తను హడావిడిగా మానిందని రాసేసింది.

మర్నాడు పొద్దున్నే లెక్కల మాస్టారి గదికి వెళ్ళింది. తలుపు తట్టి మరీ.

"తప్పు నాదే," అంది. "ఇక వెక్కిరించండి."

అతను వెక్కిరించలేదు. కుర్చీ జరిపాడు. "ఫొటోలన్నీ ఉన్నాయి కదా! పేర్లూ, తేదీలూ తీసేసి కలగాపులగం చేస్తాను. మీరు ఒకసారి, పెద్ద డాక్టరు గారు విడిగా ఒకసారి మళ్ళీ చూడండి."

"మసకగా ఉండి తెలియనివి?"

"మీరే చెప్పండి."

ఆమె ఒక్క క్షణం ఆగింది. "అవన్నీ మాననట్టే రాద్దాం."

"దాంతో ఫలితమే తేలకపోవచ్చు. రెండేళ్ళ శ్రమ..."

"తేలకపోతే తేలకపోయింది. లేనిది ఉందని చెప్పి ఎవరి నాన్నకూ మాత్ర మింగించలేను."

లెక్కల మాస్టారు ఆమె వైపు అలా చూస్తూ ఉండిపోయాడు. ఈసారి అతనికి మాటలు దొరక్కపోవడం ఆమెకు ఎందుకో నచ్చింది.

మూడు వారాలు, రోజూ నాలుగింటి నుంచి ఆరింటిదాకా ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. బయట వాన కిటికీని కొడుతుంటే తెర మీద ఫొటోలు మారేవి.

"మానింది... మానలేదు... మానింది... ఏంటండీ, ఫొటో మార్చరేం?"

"చూస్తున్నా."

"తెర అటుంది మాస్టారూ!"

ఆఖరి రోజు అతను గొంతు సవరించుకున్నాడు. "డాక్టర్ గారూ, నాకూ గుండెల్లో మంటగా ఉంటోంది. ఆకలి కూడా లేదు."

ఆమె వెంటనే పెన్ను తీసింది. "కాఫీలు ఎన్ని తాగుతున్నారు? మంట ఎప్పుడొస్తుంది? భోజనం అయ్యాకా?"

"కాదు. మీరు ఆరింటికి ఇంటికెళ్ళిపోయాక."

పెన్ను ఆగిపోయింది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "జాబితా తెరిచేదాకా ఆ మాట ఎత్తకండి," అంది నవ్వు బిగబట్టి. "ఇప్పుడు నా బుర్ర చెదిరితే కష్టం."

జాబితా వచ్చిన రోజు ఆమె కాళ్ళు నేల మీద నిలవలేదు. పెద్ద డాక్టరు గారు, నర్సు, అందరూ అతని కుర్చీ వెనక మూగారు. అతను మీట నొక్కాడు. అంకెలు వచ్చాయి. అతను పైకి చదివాడు.

"పాత మాత్రతో నూట ఇరవైలో ఎనభై తొమ్మిది మందికి మానింది. కొత్తదాంతో... నూట ఏడుగురికి! తెలియనివన్నీ మాననట్టు లెక్కేసినా సరే! మంట మాత్రం రెండింటితోనూ ఒకేలా తగ్గింది."

"మంట సంగతి తరవాత చూద్దాం!" అని అరిచి, ఆమె నర్సును పట్టుకుని గిర్రున తిప్పేసింది.

అందరూ వెళ్ళాక అతని ముందు నిలబడింది. "ఊఁ, ఇప్పుడు చెప్పండి."

"అంకెలైతే గడగడా చెప్తాను గానీ..."

"పోనీ నేనే చెప్తాను. మీ జబ్బే నాకూ ఉంది."

అతను కుర్చీలోంచి లేవబోయి కాగితాలన్నీ కింద పడేశాడు. ఆమె పకపకా నవ్వుతూ నాన్నకు ఫోన్ కలిపింది. ఫలితం చెప్పింది. అవతల ఆయన ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

"ఇంకో విషయం నాన్నా..." అంటూ ఆ రెండో సంగతీ చెప్పేసింది.

"నీ తప్పు పట్టుకున్నాడన్నావే, ఆ అబ్బాయేనా? ఓసారి ఫోన్ ఇవ్వు."

అతను రెండు చేతులతో ఫోన్ అందుకున్నాడు. "నమస్కారమండీ... నేనేనండీ."

"ఆదివారం భోజనానికి రా బాబూ," అన్నాడాయన. "దాని తప్పు దానికే చెప్పి బతికి బయటపడ్డవాణ్ణి కళ్ళారా చూడాలి!"