మాంసం ముట్టని సారక్క

ఉజ్వల కుర్చీ అంచున కూర్చుంది. ఏడ్చి ఏడ్చి ముఖం మొద్దుబారింది. చంద్రపూర్‌లో డిటెక్టివ్ ప్రహ్లాద్ దగ్గరికి జనం ఎక్కువగా పెళ్లి సంబంధాల వాకబుకు వస్తారు. ఈమె హత్య మాటతో వచ్చింది.

"మా అత్త సారక్కను నేనే విషం పెట్టి చంపిన్నంటుండ్రు సార్. నెల మాసికం కాంగనే పుట్టింటికి తోలుతరట. నా బిడ్డను మాత్రం ఇయ్యరట."

"ఆ రోజు ఆమె ఏం తిన్నది?"

"అన్నం, పప్పు, పచ్చడి. విఠలుని మాల వేసుకున్నది, మాంసం ముట్టది. ఆదివారమని మా ఆడబిడ్డ రాజకుమారి గడ్‌చాందూర్ నుంచి వచ్చింది. కోడికూర పెరట్ల వేరే పొయ్యి మీద వండిన. గిన్నెలు గూడ వేరే. కూర తిన్నోళ్లకు ఏం కాలే. అత్తకే వాంతులు, జ్వరం. దవాఖానల మందులు మార్చి మార్చి ఇచ్చిండ్రు, ఒక్కటి పనిచెయ్యలే."

దవాఖానా రిపోర్టులో విషం లేదు. రక్తంలో సాల్మొనెల్లా అనే క్రిమి ఉంది. అది కోళ్లలో ఎక్కువగా ఉంటుంది. కోడిని ముట్టని మనిషికి ఎలా సోకింది?

ప్రహ్లాద్ తన అసిస్టెంట్ అక్షితను వెంటబెట్టుకుని, ఆ ఇంటివాళ్లు కొనే అంగడికే వెళ్లి అరకిలో కోడిమాంసం తీసుకున్నాడు. అంగడాయన ముక్కలు సంచిలో వేసి, అదే తడిచేత్తో పిడికెడు కొత్తిమీర పైన కుక్కాడు.

"కొత్తిమీర ఊరికేనా! బాగుంది సార్," అంది అక్షిత. ప్రహ్లాద్ ముడి విప్పకుండా సంచిని ల్యాబ్‌కు పంపాడు.

ల్యాబ్ జవాబు వచ్చాక సారక్క ఇంట్లో అందరినీ కూర్చోబెట్టాడు. మొదట రాజకుమారే అందుకుంది. "మందులకు లొంగని జ్వరం ఉంటదా? అది విషమే. పొయ్యికాడున్నది వదినే!"

"విషం కాదమ్మా. కోళ్లకు రోగం లేకున్నా దాణాలో మందులు కలిపేటోళ్లున్నరు. ఆ మందులకు చావని క్రిములే మిగులుతయి. మీ అంగడి మాంసంల, కొత్తిమీర మీద అదే క్రిమి దొరికింది. మీ అమ్మకు పనిచెయ్యని మందులే దానికీ పనిచెయ్యవు. కూర ఉడికింది, అందుల క్రిమి చచ్చింది. కొత్తిమీర ఉడకలేదు. పొయ్యి వేరు పెట్టిండ్రు, గిన్నెలు వేరు పెట్టిండ్రు, కూర సంచిల వచ్చిన కొత్తిమీరను మాత్రం ఎవరూ వేరనుకోలేదు. ఆ రోజు పచ్చడి నూరింది ఎవరు?"

ఉజ్వలకు తెలుసు. అయినా రాజకుమారి వైపు చూడకుండా తల వంచుకుంది.

"నేనే," అంది రాజకుమారి. ఆ గొంతులో ఏ భావమూ లేదు. "పచ్చి కొత్తిమీర నూరిన. మేమందరం కూర తింటిమి, అమ్మకు ఉత్త పప్పేనాయె అని ఆమె ఒక్కదానికే నూరిన. మంచిగైంది బిడ్డా అన్నది. ఇంకింత వెయ్యమన్నది. వేసిన."

అక్షిత మెచ్చుకోలుగా ప్రహ్లాద్ వైపు చూడబోయి ఆగిపోయింది. ఎవరూ ఏడవలేదు.

కాసేపటికి ఉజ్వల భర్త మల్లేష్ లేచి, బిడ్డను తెచ్చి ఆమె ఒళ్లో కూర్చోబెట్టాడు. పొమ్మని ఇక ఎవరూ అనలేదు. ఉండమని కూడా ఎవరూ అనలేదు.