బిస్కెట్‌కి దక్కిన మాటలు

ఫోను పెట్టేసి మార్లీనా వంటింట్లో గిర్రున తిరిగింది. "వచ్చేసింది! మన తెగ బడిలో పసిపిల్లలకి మన కొమాంచీ భాష నేర్పే పని నాకే! రేపట్నుంచే రమ్మన్నారు!"

పెళ్ళయి నెల తిరగని మొగుడు ట్రెంట్ పిండి చేతులతోనే ఆమెను ఎత్తి దింపాడు. ఆమె చొక్కా మీద రెండు తెల్లటి అరచేతులు అచ్చుపడ్డాయి. రొట్టెలు వేయిస్తున్న అమ్మమ్మ వెర్డీ నవ్వింది. "సంతోషం మార్లీనా," అని ఇంగ్లీషులో అని, ఓ రొట్టె ముక్క పట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది.

మార్లీనా మనసు చివుక్కుమంది. "ఇంత మంచి కబురుకి మన భాషలో ఒక్క మాటైనా రాలేదు. పాపం, మరిచిపోయినట్టుంది."

"మరిచిపోవడమా? రోజూ పొద్దున్నే బిస్కెట్‌తో ఎంత మాట్లాడుతుందో! ఆ కుక్కకి నీకన్నా బాగా వచ్చు కొమాంచీ," అన్నాడు ట్రెంట్.

మార్లీనా తలుపు దగ్గరికి వెళ్ళింది. ఎర్రదుమ్ము పట్టిన మెట్టు మీద కూర్చుని, కుక్క చెవులు నిమురుతూ అమ్మమ్మ కొమాంచీలో గలగలా కబుర్లు చెబుతోంది. మనవరాలి నీడ పడగానే ఆపేసింది.

"కాకూ, నాతో ఎందుకు మాట్లాడవు?"

"నీతోనా? దిద్దుతావుగా."

"నేనెప్పుడు దిద్దా..." అంటుండగానే మార్లీనాకు గుర్తొచ్చింది. పెళ్ళి విందులో తెగ ఆచారం ప్రకారం దేవదారు పొగ పట్టి అమ్మమ్మ కొమాంచీలో దీవిస్తుంటే, "అలా కాదు కాకూ, మా క్లాసులో వేరేలా చెప్పారు" అంది తను. అందరూ గొల్లుమన్నారు. తనూ నవ్వింది.

"మా అమ్మ అలాగే అనేది. మన తెగలోనే వాళ్ళ గుంపు మాట అది," అంది వెర్డీ. "చిన్నప్పుడు హాస్టల్ బడిలో మన భాష మాట్లాడానని సబ్బు పెట్టి నోరు కడిగారు. అప్పుడూ మానలేదే నేను. నువ్వు నవ్వావు, మానేశాను. బిస్కెట్ నవ్వదు."

మార్లీనా ముఖం కందిపోయింది. కింది మెట్టు మీద కూలబడి తల దించుకుంది. అమ్మమ్మా మనవరాలూ ఒకరినొకరు 'కాకూ' అనే పిలుచుకోవడం వాళ్ళలో ఆనవాయితీ. పెళ్ళి నాటి నుంచి అమ్మమ్మ తనని పేరు పెట్టే పిలుస్తోంది. అదైనా గమనించలేదు తను.

"సిగ్గుగా ఉంది కాకూ. ఏ మొహం పెట్టుకుని పిల్లల ముందు నిలబడను?"

వెర్డీ చేతిలో మిగిలిన రొట్టె ముక్క కుక్కకి పెట్టింది. తర్వాత కొమాంచీలో మెల్లగా అంది: "కాకూ, నీ మొగుడు నా రొట్టెలు మాడ్చేస్తున్నాడు."

మార్లీనాకు సగమే అర్థమైంది. మిగతాది మాడు వాసన చెప్పింది. నవ్వబోయి, అమ్మమ్మ ఒళ్ళో తల పెట్టి ఏడ్చేసింది.

"రేపు నాతో బడికి రా. కుర్చీ నీది. నేను పిల్లల మధ్య చాప మీద కూర్చుంటా. నువ్వెలా అంటే అలాగే అంటాం."

"మరి బిస్కెట్?"

"అదీ వస్తుంది. నా పక్కనే కూర్చోబెట్టుకుంటా."